నాలుగో లైనులో బండి

గాజువాక, విశాఖపట్నం
జనవరి 3, 2024

సొలొమోను మావయ్యకు,

మీ మేనల్లుడు రాజ్ కిరణ్ వందనాలు. కొత్త సంవత్సరం మీకు ఆరోగ్యంగా గడవాలని ఇక్కడ అందరం ప్రార్థన చేసుకున్నాం. అమ్మ బాగానే ఉంది. "మా అన్న మోకాలికి నూనె రాసుకుంటున్నాడా లేదా" అని అడగమంది.

ఫోనులో మీకు వినపడదు. మీ అమ్మాయి జాయ్ మధ్యలో కూర్చుని చెబితే సగం తనే మింగేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో, వేళ్ళు లాగుతున్నాయి.

ఒక సహాయం కావాలి. ఇక్కడ ఒక కాలేజీలో ఫిబ్రవరి ఆఖరున పాత కంప్యూటర్ల ప్రదర్శన పెడుతున్నారు. రెండు రోజులు. పాత యంత్రాలు తెచ్చి, అప్పటి ఆటలు జనం చేత ఆడిస్తారు. నాది రిపేరు దుకాణం కదా, యంత్రాలు లేపే పని నాకు అప్పజెప్పారు. వారం రోజులుగా దుకాణంలో మళ్ళీ ఆ చప్పుళ్ళు వింటున్నాను. ఫ్లాపీ తిరిగేటప్పుడు గొంతు గీరుకున్నట్టుండే చప్పుడు, తెర వెలిగేటప్పుడు టప్‌మనే చప్పుడు. మా ఆవిడ వచ్చి నా మొహం చూసి, పెళ్ళి చూపుల్లో కూడా ఇంత వెలుగు లేదంది.

మావయ్యా, ఖరగ్‌పూర్‌లో మన రైల్వే ట్రాఫిక్ క్వార్టర్సులో ఉన్న కంప్యూటర్ డబ్బా గుర్తుందా? ఐ.ఐ.టి. వైపు ఇల్లు ఖాళీ చేస్తున్న బెంగాలీ మాస్టారి దగ్గర్నుంచి మీరు సైకిలు మీద కట్టి తెచ్చారు. పదిహేడేళ్ళప్పుడు అందులో నేను ఒక షంటింగ్ ఆట రాశాను. నల్ల తెర మీద తెల్ల గీతలు పట్టాలు, చిన్న చదరాలు వ్యాగన్లు. చెల్లాచెదురుగా ఉన్న వ్యాగన్లను వరసలో కలిపి గూడ్సు బండి తయారు చేయాలి. ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడాలి. ఎడమవైపు మనిషి పాయింట్లు కొట్టి పట్టాలు మారుస్తాడు, కుడివైపు మనిషి ఇంజను నడుపుతాడు. మీరు ఎడమ, నేను కుడి.

నా దగ్గరున్న ఫ్లాపీలన్నీ ఈ సముద్రపు గాలికి బూజు పట్టాయి. ఆ ఆట ఇంక ఎక్కడా లేదు, ఆ డబ్బాలో తప్ప. అటక మీద దుమ్ములో పడి ఉంటుంది. పని చేయకపోయినా ఫరవాలేదు, లోపలి డిస్కు ఉంటే చాలు. పార్సిలు మనిషిని పంపిస్తాను, ఇచ్చేయండి. మీకూ ఇంట్లో చోటు కలిసొస్తుంది.

మీ మేనల్లుడు,
రాజ్ కిరణ్


మలంచా, ఖరగ్‌పూర్
జనవరి 10

ఒరే కిరణ్,

ఉత్తరం చేరింది. బతికే ఉన్నాను, దేవుడి దయ. మోకాలు తప్ప మిగతావన్నీ నా మాట వింటున్నాయి. నూనె రాసుకోవడం లేదని మీ అమ్మకు చెప్పు. నా చెల్లెలు రత్నం చెప్పిన నూనె ఏనుగు వాసన వస్తుంది.

నా అక్షరాలు చూసి నవ్వకు. మీ అత్తయ్య నేర్పింది. యాభై దాటాక నేర్చుకున్న చేతికి ఇంతకంటే రాదు. ఒక్కో మాట రాయడానికి పట్టాల కింది సిలీపరు మోసినంత పని. కనుక తక్కువ రాస్తాను. తక్కువ రాశానని కోపం వచ్చిందనుకోకు. కోపం వస్తే అది కూడా రాస్తాను.

ఇప్పుడు రాస్తున్నాను. అటక మీద ఉందని ఎవడు చెప్పాడు నీకు? బల్ల మీద ఉంది. కిటికీ పక్కన. క్వార్టర్సు వదిలి ఈ ఇంటికి వచ్చిన రోజు సామాన్లన్నీ లారీలో వేశాను. దాన్ని మటుకు రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మీ అత్తయ్య వెనక రిక్షాలో దేవుడి పుస్తకం పట్టుకుని వచ్చింది. దుమ్ము లేదు. దాని మీద ఆవిడ కుట్టిన గుడ్డ ఉంది. మూడేళ్ళ కిందట ఆవిడ భూస్థాపనకు వచ్చినప్పుడు నువ్వు ఆ గుడ్డ మీదే ఉప్మా పళ్ళెం పెట్టావు. నేను తీశాను. నువ్వు చూడలేదు.

పంపడం కుదరదు. యార్డు నా చార్జిలో ఉంది. నాలుగో లైనులో బండి సగం కూర్చి నిలబడి ఉంది. డ్రైవరు దిగి వెళ్ళాడు. చార్జి తీసుకునే రిలీవరు రాలేదు. ఇలాంటప్పుడు ఎవడైనా యార్డు వదిలిపెడతాడా?

పార్సిలు మనిషిని పంపకు.

సొలొమోను


గాజువాక
జనవరి 16

ప్రియమైన మావయ్యకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు ఏమీ తోచలేదు. అమ్మకు చదివి వినిపించలేదు.

మావయ్యా, నెమ్మదిగా చదవండి. మీరు రిటైరయి పద్దెనిమిదేళ్ళయింది. యార్డులో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. అక్కడి బండ్లు, డ్రైవర్లు, రిలీవర్లు అన్నీ వాళ్ళు చూసుకుంటారు. మీ మీద ఏ బరువూ లేదు. దయచేసి నింపురా యార్డు వైపు ఒంటరిగా వెళ్ళకండి, ముఖ్యంగా మంచు పడే వేళ. అత్తయ్య పోయాక ఒంటరితనం మనిషిని ఎలా తినేస్తుందో నేను అర్థం చేసుకోగలను.

జాయ్‌తో మాట్లాడాను. తను ఖరిదా నుంచి వచ్చి మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది. ఊరికే ఒకసారి చూపించుకోవడమే. తిట్టకండి, నేనే పంపాను.

డబ్బా సంగతి మీరు పట్టించుకోవద్దు. అక్కడే ఉండనివ్వండి. టోని అని ఒక కుర్రాడున్నాడు, మలంచా రోడ్డులో మొబైళ్ళ దుకాణం. వాడు వచ్చి లోపలి డిస్కు ఒక్కటి విప్పి పట్టుకెళ్ళి నకలు తీస్తాడు. మళ్ళీ తెచ్చి బిగిస్తాడు. మీకు తేడా కూడా తెలియదు.

రోజూ మీ కోసం ప్రార్థన చేస్తున్నాం.

మీ కిరణ్


మలంచా
జనవరి 24

ఒరే తెలివైనవాడా,

నిన్న జాయ్ వచ్చింది. ఆటో బయటే నిలబెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాన్నా, ఓపాలి డాక్టరు కాడికెళ్ళొద్దాం" అంది. ఎవరికి ఒంట్లో బాగోలేదన్నాను. చెప్పలేదు. పిల్లకే ఏదో అయిందనుకుని చొక్కా మార్చుకుని వెళ్ళాను. అక్కడ కూర్చోబెట్టాక తెలిసింది, రోగి నేనని.

డాక్టరు బెంగాలీ కుర్రాడు. "దాదూ, ఆజ్ కీ బార్?" అన్నాడు. తాతా, ఇవాళ ఏ వారమని.

"బయట నీ బోర్డు మీద బుధవారం సెలవని రాసుంది. నువ్వు కూకున్నావంటే బుధవారం కాదు" అన్నాను.

"మీరిప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు?"

"పొడుగు ప్లాట్‌ఫారం సూసుకుని మురిసిపోయే ఊళ్ళో."

వాడు నవ్వాడు. జాయ్ నవ్వలేదు. "నాన్నా, సరిగ్గా సెప్పు. యార్డులో బండేటి? డ్రైవరేటి? కిరణ్ బావకి ఏటి రాసినావు?" అంది. అప్పుడు అర్థమైంది నాకు, మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చివాణ్ణి చేశారని. లేచి వచ్చేశాను. ఆటో ఎక్కలేదు. నడిచే వచ్చాను. ఆ పిల్ల ఆటోలో నా వెనకే, నా నడకతో సమంగా, దారంతా.

ఇంటికొచ్చి గుడ్డ తీసి డబ్బా పెట్టి చూపించాను. చూసి తల కొట్టుకుంది. ఇప్పుడు నువ్వు కొట్టుకో.

నింపురా యార్డు గురించి కాదురా నేను రాసింది. అక్కడికి నేనెందుకు వెళతాను? అక్కడిప్పుడు మీటలు లేవు, బటన్లే. నేను రాసింది నీ యార్డు గురించి. ఆ డబ్బాలో ఉన్న యార్డు.

నీకు గుర్తులేదు. నాకుంది. నువ్వు విశాఖపట్నం పాలిటెక్నిక్‌కి బయల్దేరే ముందటి సాయంత్రం. మనం బండి కూరుస్తున్నాం. నువ్వు ఇంజను, నేను పాయింట్లు. వ్యాగన్లు నాలుగో లైనులోకి తెస్తున్నాం. ఇంకా కొన్ని ఒకటో లైనులో, కొన్ని రెండులో ఉండిపోయాయి. కరెంటు వణికింది. తెర చిన్నదైపోయి మళ్ళీ పెద్దదైంది. "మావయ్యా, పోతాది, దాసేస్తన్నాను" అని ఏదో నొక్కావు. ఉన్నది ఉన్నట్టు డబ్బా దాచుకుంటుందన్నావు. "నేనొచ్చినాక పూర్తి సేద్దాం. అంతవరకూ నువ్వు సూస్తుండు. కొత్త ఆట పెట్టీకు, ఇది పోతాది" అన్నావు. కరెంటు పోయింది. మర్నాడు నువ్వు రైలెక్కావు.

చూస్తూ ఉన్నాను. అంతే. ప్రతి ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చి స్టెబిలైజరు వేసి, డబ్బా పెడతాను. లేచేటప్పుడు కీచుమని ఏడుస్తుంది, పై వరసలో మొదటి మీట నొక్కితే ఊరుకుంటుంది. యార్డు వస్తుంది. ఇంజను రెండో లైనులో ఉంది. వ్యాగన్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. చూసి ఆపేస్తాను. మీ అత్తయ్య టీ తెచ్చి తెర వంక చూసి, ప్రతి వారం ఒకే మాట. "ఇంకా బయల్దేర్లేదా మీ బండి?" ఆవిడకి అది వేళాకోళం. ఆడదామని సరదా పడింది కూడా. కొత్త ఆట పెడితే నీ బండి పోతుందని తెలిసి, మళ్ళీ అడగలేదు.

షంటింగ్ జమాదారుగా పనిచేసినవాణ్ణి నేను. రిలీవరు వచ్చి ఎదురుగా నిలబడి "తీసుకున్నాను" అని నోటితో అంటేనే డ్యూటీ దిగడం. అన్నం వేళ దాటినా, వాన పడినా, ఇంట్లో పురుడొచ్చినా అంతే. జాయ్ పుట్టినప్పుడు నేను యార్డులో ఉన్నాను. అడుగు ఆ పిల్లని, ఇప్పటికీ అంటుంది.

నీ టోనిగాడు కూడా వచ్చాడు.

"తాతా, ఏటిది! మ్యూజియం సరుకు!" అన్నాడు.

"సెయ్యి తియ్యి."

"కిరణ్ దాదా పంపినాడు. దీని కడుపులో డిస్కు ఓటి ఇప్పేసుకుని ఎలిపోతాను. అయిపోద్ది."

"నువ్వు ఇంజను నడపగలవా?"

"ఏ ఇంజను?"

"అయితే ఎల్లు."

"డిస్కు అడిగితే ఇంజనంటావేటి తాతా! ఠీక్ హై, ఠీక్ హై, కర్ర దించు."

ఇంకోటి. ఉత్తరం నిండా మీరు, మీరు అని రాస్తున్నావు. ఎప్పట్నుంచి? నా భుజాల మీద కూర్చుని గోల్‌బజారు చూసినవాడివి. నేను నీకు మంత్రినేం కాదు.

సొలొమోను
(వారం బుధవారం. ఊరు ఖరగ్‌పూర్. డాక్టరుకి చెప్పు.)


గాజువాక
జనవరి 30

మావయ్యా,

క్షమించు. ఇక నుంచి నువ్వు అనే రాస్తాను.

నీ ఉత్తరం దుకాణంలో నిలబడి చదివాను. చదువుతుంటే ఆ గది మొత్తం తిరిగొచ్చింది. ఒక కుర్చీ, దాని పక్కన అత్తయ్య బియ్యం డబ్బా. నాకు కుర్చీ ఇచ్చి నువ్వు డబ్బా మీద కూర్చునేవాడివి. మన మోచేతులు కొట్టుకునేవి. నీ చెయ్యి నా వైపు జరిగితే నేను అరిచేవాణ్ణి. ఒక వ్యాగను కదపడానికి యంత్రం కాసేపు ఆలోచించేది, ఆ కాసేపూ మనం ఊపిరి బిగపట్టేవాళ్ళం. ఇప్పుడు నా కొడుకు ఆడే ఆటల్లో ఊళ్ళకు ఊళ్ళు తగలబడతాయి, వాడు సోఫాలో ఒక్కడే పడుకుని ఆవులిస్తుంటాడు.

నిజం చెబుతాను, ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. మధ్యలో ఎన్నిసార్లు వచ్చాను! జాయ్ పెళ్ళికి, నీ రిటైర్‌మెంటుకి, అత్తయ్య పోయినప్పుడు. ఒక్కసారి అడగొచ్చు కదా.

సరే, దారి దొరికింది. రెండు రాత్రులు కూర్చుని గుర్తున్నంత వరకు ఆట లెక్క మళ్ళీ వేసి, చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాను. ఇది వేస్తే ఇంజను దానంతట అదే నడుస్తుంది. నువ్వు పాయింటు కొడితే చాలు, అది చూసుకుని ముందుకో వెనక్కో వెళుతుంది. డ్రైవరు అక్కర్లేదు. బూజు పట్టని ఫ్లాపీ ఒకటి సంపాదించి అందులో ఎక్కించాను. దీంతో పాటు పంపుతున్నాను. ఎలా వేయాలో వెనక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వొక్కడివే హాయిగా బండి పూర్తి చేసి పంపెయ్యి. ఆ తరవాత టోనికి కబురు చెయ్యి.

నువ్వు ఇన్నాళ్ళు మోసిన బరువు ఒక్క మధ్యాహ్నంలో దిగిపోతుంది. ప్రదర్శనకి కూడా టైముకి అందుతుంది.

మీ అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. డాక్టరు దగ్గర పరువు తీయించానట.

నీ కిరణ్


మలంచా
ఫిబ్రవరి 6

కిరణ్,

నీ ఫ్లాపీ చేరింది. టీ గ్లాసు కింద పెట్టుకున్నాను. బల్ల మీద మరక పడటం లేదు. దానికి పనికొచ్చింది.

డ్రైవరు లేని ఇంజను పంపిస్తావా నాకు? నువ్వు చదువుకున్నవాడివి, నీకు అది గొప్ప. నాకు అది ప్రమాదం.

సమూయేలు గుర్తున్నాడా, నాతో పనిచేసినవాడు. ఒక మంచు పొద్దున జోడీ మనిషి రాలేదు. వాడికి తొందర, ఇంట్లో పెళ్ళి. పాయింటు తనే కొట్టాడు, డ్రైవరుకి జెండా తనే ఊపాడు, కొక్కెం విప్పడానికి వ్యాగన్ల మధ్యకు తనే దూరాడు. డ్రైవరుకి కనబడింది జెండా ఒక్కటే. అది చూసి బండి కదిపాడు, వీడి కాలు పోయింది. ఆ తరవాత ఆఫీసులో కాగితాలు అందిస్తూ రిటైరయ్యాడు. ఇప్పటికీ ఖరిదా బజారులో కనబడతాడు. కర్ర ఎత్తి, "ఒరే సొలొమోనా, ఇంకా రెండు కాళ్ళూ ఉన్నాయేట్రా నీకు?" అని అరుస్తాడు. టీ తాగుతాం. వాడు నవ్వుతూనే చెబుతాడు, "మడిసికి రెండు సేతులు ఉన్నాయి గాని రెండు సోట్ల నిలబడలేడు" అని.

నువ్వు ఆ ఆట రాసేటప్పుడు ఇది నేనే చెప్పాను నీకు. ఒక్కడే ఆడేలా రాస్తానన్నావు మొదట. కాదన్నాను. ఒకడు పాయింటు దగ్గర, ఒకడు ఇంజను మీద. ఒకడి తప్పు ఇంకొకడు చూడాలి. నువ్వు రెండు రోజులు అలిగి మళ్ళీ రాశావు. అందుకే అది మంచి ఆట అయింది. నువ్వు రాశావని కాదు.

ఎందుకు అడగలేదన్నావు. రిలీవరు వస్తాడు. పిలవరు. పిలిస్తే వచ్చేవాడు రిలీవరు కాదు, చుట్టం. పెళ్ళికి చుట్టంలా వచ్చావు, చావుకి చుట్టంలా వచ్చావు. చుట్టానికి భోజనం పెడతారు, చార్జి ఇవ్వరు.

నిన్ను రమ్మని రాయడం లేదు. రావద్దు. దుకాణం ఉంది, పిల్లలున్నారు, టిక్కెట్లు దొరకవు. నీ ప్రదర్శన నువ్వు చేసుకో. వేరే ఆటలుంటాయి. నా బండి నిలబడే ఉంటుంది. నిలబడటం దానికి అలవాటే. నేను పోయాక జాయ్ చూసుకుంటుంది. చూపించాను కదా, ఏ మీట నొక్కాలో ఆ పిల్లకి తెలిసింది.

చలి తగ్గింది. మామిడి పూత వచ్చింది. ఈసారి బాగానే ఉంది.

సొలొమోను


గాజువాక
ఫిబ్రవరి 11

మావయ్యా,

టిక్కెట్టు దొరికింది. శనివారం పొద్దున దిగుతాను. స్టేషనుకి రావద్దు.

బియ్యం డబ్బా ఉంటే బయటికి తీయించు. కుర్చీ కుడివైపు వెయ్యి.

కిరణ్


మలంచా
ఫిబ్రవరి 20

ఒరే కిరణ్,

క్షేమంగా చేరావని జాయ్ చెప్పింది. డబ్బా ఒళ్ళోనే పెట్టుకున్నావట, తెల్లారేదాకా నిద్రపోలేదట. మంచిది. పక్కనవాళ్ళు ఏమిటని అడిగితే అత్తగారి పిండివంటలన్నావట. అది అబద్ధం. తరవాతిసారి నిజం చెప్పు.

నువ్వు ఆటో ఎక్కగానే జాయ్ నన్ను పట్టుకుంది. శనివారం తను వచ్చేసరికి మనం తలుపేసుకున్నాం కదా, అది కోపం.

"ఏటైంది నాన్నా, సెప్పు. అయిపోయిందా?"

"అయిపోయింది."

"అంతేనా? ఇన్నేళ్ళూ ఆ డబ్బాకి దండం పెట్టి, అయిపోయిందంటే సరా?"

అప్పుడు చెప్పాను. మీ బావకి చేతులు రాలేదన్నాను. ఇంజను వెనక్కి వెళ్ళాల్సిన చోట ముందుకు పోనిచ్చాడు, నేను మోచేత్తో పొడిచానని చెప్పాను. రాసినవాడికే మీటలు గుర్తు లేవని చెప్పాను. పదే పదే కళ్ళజోడు తుడుచుకున్నాడు, తుడవాల్సింది అద్దాలు కాదని కూడా చెప్పాను. ఒకటో లైనువి తెచ్చాం. రెండో లైనువి తెచ్చాం. ఆఖరి వ్యాగను దగ్గర నువ్వు ఆగిపోయి, "మావయ్యా, ఉండనీ, రేపు సేద్దాం" అన్నావు చూడు, ఆ మాట మటుకు చెప్పలేదు. అది మన ఇద్దరిదీ.

నేను వద్దన్నందుకు ఏమీ అనుకోకు. రేపు అని ఒకసారి విన్నాను కదా.

తరవాత బండి కదిలింది. ఎంత మెల్లగా వెళ్ళిందిరా. ఒక్కొక్క చదరం తెర అంచు దాటుకుంటూ. ఆఖరిది కూడా దాటాక పట్టాలు ఖాళీ. "అటేపు ఏటుంది?" అని అడిగితే, "అటేపు రాయలేదు మావయ్యా" అన్నావు. రాయకపోయినా వెళ్ళింది కదా. నాకు అది బాగుంది. జాయ్‌కి ఇది చెబుతుంటే తను అమ్మ మాట అంది. "బయల్దేరింది మీ బండి" అని. అనేసి లోపలికి పోయి చాలాసేపు గిన్నెలు కడిగింది. కడిగినవే.

గుమ్మంలో నీ చేత రెండుసార్లు అనిపించానని నొచ్చుకోకు. మొదటిసారి "తీసుకున్నాను" అన్నప్పుడు నువ్వు నవ్వావు. నవ్వుతూ చార్జి తీసుకోరు. రెండోసారి సరిగ్గా అన్నావు.

నిన్న పొద్దున లేచి ఏమీ తోచక మామిడి చెట్టుకి నీళ్ళు పోశాను. మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే పొద్దు వాలేదాకా మెలకువ రాలేదు. సమూయేలు వచ్చి తలుపు బాదాడు, పోయాననుకున్నాడట. వాడికి చెప్పాను, "ఒరే, నేను నిన్ననే రిటైరయినాను" అని. వాడు నన్ను డాక్టరు దగ్గరికి పదమన్నాడు. నీలాంటివాడే.

బల్ల ఖాళీగా ఉంది. మీ అత్తయ్య గుడ్డ ఉతికి ఆరేశాను. దాని మీద ఏమీ పెట్టను.

ప్రదర్శనలో కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చోవాలి. ఒక్కడే రెండు చేతులతో ఆడతానంటే ఆడనివ్వకు. ఎంత పెద్దవాడైనా సరే.

సొలొమోను


విశాఖపట్నం
ఫిబ్రవరి 24, సాయంత్రం

మావయ్యా,

ఇంకా కాలేజీలోనే ఉన్నాను. కుర్చీలు సర్దుతున్నారు. మర్చిపోకముందే రాస్తున్నాను.

నీ డబ్బాకి కిటికీ పక్కన చోటిచ్చారు. లేచేటప్పుడు కీచుమంటే హాలంతా తిరిగి చూసింది. పై వరసలో మొదటి మీట నొక్కాను, ఊరుకుంది. పక్క బల్లల మీద రంగురంగుల ఆటలున్నాయి. మనది నలుపు, తెలుపు. మొదట ఎవరూ రాలేదు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. తరవాత ఒకతను వచ్చి ఒక్కడే కూర్చుని రెండు చేతులూ పెట్టాడు. లేవమన్నాను. కాలేజీ ప్రిన్సిపాల్ అట. లేచాడు. నువ్వు మెచ్చుకుంటావని రాస్తున్నాను. ఇక్కడ మటుకు ఎవరూ మెచ్చుకోలేదు.

మధ్యాహ్నం దేవమణి గారని ఒకావిడ వచ్చింది. ఆ కాలేజీ లైబ్రరీలోనే పని. యాభై ఉంటాయి. భోజనం డబ్బా చేతిలో పట్టుకుని వెళుతూ వెళుతూ ఆగింది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఒక ట్యూషన్ మాస్టారింట్లో ఇలాగే ఒకే కీబోర్డు మీద కొట్టుకుంటూ ఆడేవారట. ఎడమవైపు కూర్చుంది. కుడివైపు చూసింది. ఎవరూ లేరు. నేను కూర్చున్నాను.

నీ అంత బాగా పాయింట్లు కొట్టదు. కానీ నేను తప్పు చేస్తే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది, నీలాగే. మోచేత్తో పొడవలేదు, మర్యాదస్తురాలు. కాసేపటికి మా ఇద్దరి వెనకా జనం నిలబడ్డారు. "పాయింటు, పాయింటు" అని ఆవిడకి, "ఆపు, ఆపు" అని నాకు, ఎవరికి తోచింది వాళ్ళు అరుస్తున్నారు. మావయ్యా, ఆ చిన్న తెల్ల చదరం కోసం అంతమంది ఊపిరి బిగపట్టారు.

బండి సగం కూర్చేసరికి మూసే వేళయింది. వాచ్‌మన్ దీపాలు తీసేస్తున్నాడు. ఆవిడ లేచి భోజనం డబ్బా తీసుకుంటూ, "రేపు ఆదివారం, చర్చి నుంచి నేరుగా వస్తానండీ. అంతవరకూ కదపకండి. కొత్త ఆట పెట్టకండి" అంది.

తల ఊపాను.

ఆట ఉన్నది ఉన్నట్టు దాచాను. కప్పడానికి ఏమీ దొరకలేదు, నా కండువా కప్పాను. రేపు చివరి రోజు. పొద్దున్నే చాలామంది వస్తారట, ఈ బల్ల ఖాళీగా ఎందుకని అడుగుతారు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

నీ కిరణ్


మలంచా
మార్చి 1

కిరణ్,

కార్డే రాస్తున్నాను, రాయడానికి ఒక్క మాటే ఉంది.

ఆవిడ వచ్చిందా?

వచ్చి ఉంటే పూర్తయిందో లేదో రాయి. రాకపోయి ఉంటే ఆదివారం ఆదివారం డబ్బా పెట్టి చూస్తూ ఉండు. పై వరసలో మొదటి మీట. కదపకు.

సొలొమోను, రిటైర్డు